అసంపూర్ణం అని రాసిన పాట

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో పద్నాలుగో పాట కింద ఇలా ఉంటుంది: "బొంగరం పాట. పల్నాటి కథకు పిల్లల రూపం. ఊరు: క్రోసూరు. పాడినవారు: అంగన్‌వాడీ కార్యకర్త. అసంపూర్ణం."

ఆ కార్యకర్త మా పెద్దమ్మ, మా అమ్మకు స్వయానా అక్క. ఆమె పేరు నాకు తెలియక కాదు రాయనిది. పిల్లల పాటకు పాడినవాళ్ళ పేరు అవసరమని అప్పుడు తోచలేదు. అదే అనుబంధంలో కారంపూడి వీరుల గాథ పాడే విద్యావంతుల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఎన్ని తరాలుగా పాడుతున్నారో కూడా రాశాను. వాళ్ళు కళాకారులు. మా పెద్దమ్మ పిల్లల్ని ఆడించే మనిషి. ఈ తేడాను నాకెవరూ పనిగట్టుకుని నేర్పలేదు. స్త్రీవాద విమర్శ చదువుకుంటూనే, స్త్రీల మౌఖిక సాహిత్యం మీద పరిశోధన చేస్తూనే నేనా పని చేశాను. గ్రంథం సమర్పించిన చాలా ఏళ్ళకు, పిల్లల పాటల మీద ఒక ప్రసంగం కోసం బాలాంత్రపు రజనీకాంతరావు గారి గురించి చదువుతున్నప్పుడు నా తప్పు నాకు కనిపించింది. అందుకే ముందు ఆయన గురించి చెప్పి, తర్వాత పెద్దమ్మ దగ్గరికి వస్తాను.

రజని (1920-2018) నిడదవోలులో పుట్టారు. వేంకట పార్వతీశ కవులుగా పేరు పొందిన జంటలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావు గారి కొడుకు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఎ. చదివి, 1941లో మద్రాసు రేడియోలో చేరారు. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన ఆయన స్వాతంత్ర్య గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి పాడింది. తర్వాత విజయవాడ కేంద్రం, భక్తిరంజని, తెలుగులో లలిత సంగీతం అని మనం ఈనాడు పిలుచుకునే ధోరణి నిలదొక్కుకోవడం, వీటన్నిటిలో ఆయన పాత్ర మనకు తెలిసిందే. తానే రాసి, తానే బాణీ కట్టి, ఇతరుల చేత పాడించిన మనిషి. అలాంటి సంగీతకారుడు పిల్లల కోసం కూడా పాటలు కట్టారు. 'జేజిమామయ్య పాటలు' పేరుతో పుస్తకంగా వచ్చాయి.

సంగీతంలో అంత దూరం వెళ్ళిన మనిషి పిల్లల పాటకు రావడాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటాం? నేను చదివినంతలో ఆయన గురించి రాసేవారు ముందు 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' చెబుతారు, తర్వాత 'శతపత్రసుందరి', తర్వాత రేడియో రూపకాలు. పిల్లల పాటలు జాబితా చివర్లో వస్తాయి. పెద్దాయన సరదాగా, వాత్సల్యంతో చేసిన పనిలాగా. అయినా జాబితాలో ఉంటాయి. పుస్తకం మీద ఆయన పేరు ఉంటుంది. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ, కాదు.

ఎందుకంటే రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన ఆడవాళ్ళ సంగతి వేరుగా ఉంది. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు కలిసి బాలానందం నడిపారు. కలిసే 1945లో 'బాల' పత్రిక పెట్టారు. రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదులో ఆ పనిని కొనసాగించారు. శ్రోతలకు ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. తర్వాతి కాలంలో హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నిర్వహించిన తురగా జానకీరాణి (1936-2014) కూడా రేడియో అక్కయ్యే. ఆమె పెద్దల కోసం కథలూ నవలలూ రాసిన రచయిత్రి. ఇద్దరివీ వేరు వేరు తరాలు, వేరు వేరు నేపథ్యాలు, వేరు వేరు పనితీరులు. పిలుపు మాత్రం ఒక్కటే.

ఈ వరస పేర్ల మీద నాకు కోపం లేదు. మన భాషలో అపరిచితుల్ని దగ్గర చేసుకునే పద్ధతే అది. మైకు ముందు కూర్చున్న ఒక ఉద్యోగిని లక్షల ఇళ్ళలోని పిల్లలకు అక్కయ్య కావడం చిన్న విజయం కాదు. అయితే ఆ పిలుపు ఆడవాళ్ళ విషయంలో ఇంకో పని కూడా చేస్తుంది. అక్కయ్య అన్నాక ఆమె చేసేది ఇంట్లో అక్కలందరూ చేసేదే అన్నట్టుగా ఉంటుంది. కథ ఎంచుకోవడం, దాన్ని పావుగంటకు కుదించడం, మధ్యలో పాట ఎక్కడ రావాలో నిర్ణయించడం, బిడియపడే పిల్లచేత గొంతు విప్పించడం, ఇవన్నీ నైపుణ్యాలుగా కాక సహజ గుణాలుగా మారిపోతాయి. జేజిమామయ్య అనే పేరులో అలాంటి ప్రమాదం లేదు. మామయ్యలు పాటలు కట్టరు కదా! కాబట్టి కట్టిన మామయ్య ప్రత్యేకం. సంగీతం నుంచి పిల్లల దగ్గరికి మగవాడు వస్తే అది ఆయన ఎంచుకున్న దారి. ఆడమనిషి వస్తే ఎక్కడికీ వెళ్ళనట్టే, ఇంటికి వచ్చినట్టే. దారే లేనప్పుడు దాని గురించి రాయడానికి ఏముంటుంది?

ఈ లెక్క రేడియోతో మొదలైంది కాదు. మనం చందమామను పిలిచే పాటనీ, అచ్యుతుడికి జోల పాడే పాటనీ అన్నమయ్య (1408-1503) పేరుతో చెప్పుకుంటాం. ఆయన సంకీర్తనలు రాగిరేకుల కెక్కాయి. తిరుమల ఆలయంలో శతాబ్దాల పాటు మూతబడి ఉన్న ఆ రేకులు 1922లో బయటపడ్డాయి. ఇక అవి ఆయనవే. కానీ చంటిబిడ్డకు చందమామను చూపించి అన్నం తినిపించడం అన్నమయ్య కనిపెట్టిన పని కాదు గదా. జోలపాట నడకనూ, లాలి పదాలనూ, ఆ పిలుపునూ ఆయన తన చుట్టూ ఉన్న ఆడవాళ్ళ నోటి నుంచే తీసుకుని ఉంటాడని నా నమ్మకం. రాగిరేకు మీద సాక్ష్యం అడిగితే చూపించలేను. రేకులు ఎవరివి ఎక్కాయన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ ఇంట్లోనే తాళ్ళపాక తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. పెళ్ళి కథను ఆడవాళ్ళు పాడుకోవడానికి వీలైన ద్విపద నడకలో చెప్పింది. ఆమెను తొలి తెలుగు కవయిత్రి అంటాం. ఆ వాక్యం దగ్గరే చాలాసార్లు ఆగిపోతాం. ఆమె కథనం గురించి, పాటలో కథ నడిపిన తీరు గురించి ఎంత రాశాం?

రజనిగారి పుస్తకమే నాకు ఇక్కడ ఒక దారి చూపించింది. 1958లో వచ్చిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాగ్గేయకారుడంటే వాక్కునూ గేయాన్నీ రెండింటినీ తానే కూర్చేవాడు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడి నాటి నుంచీ ఉన్న నిర్వచనం అది. అందులో పండితులు మెచ్చాలనీ, సభలో పాడాలనీ, పెద్దలే వినాలనీ లేదు. మాటా బాణీ ఒకరివే కావాలి, అంతే. ఈ కొలతతో చూస్తే మనకు ఎంతమంది వాగ్గేయకారులు కనిపించాలి? స్త్రీలింగంలో ఆ మాట మన వాడుకలోకే రాలేదని నాకు అప్పుడు తట్టింది. అప్పుడే పద్నాలుగో పాట గుర్తుకొచ్చింది.

మా పెద్దమ్మ సంగీతం ఇంట్లోనే మొదలైంది. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. సంక్రాంతి దాటి మిరపకోతలు మొదలయ్యేదాకా చుట్టుపక్కల ఊళ్ళలో నాటకాలుండేవి. తాతయ్య ఇంట్లో సాధన చేస్తుంటే ఆమె పక్కన కూర్చుని తిత్తి ఊదేది. పద్యాల రాగాలు అలా పట్టుబడ్డాయి. పన్నెండేళ్ళు వచ్చేసరికి శ్రీరామనవమి భజనలో ముందు గొంతు ఆమెదే. పెద్దమనిషయ్యాక భజనకు వెళ్ళడం మానిపించారు. పెళ్ళయ్యాక హార్మోనియం ముట్టుకోలేదు. ఎనభైల చివర అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ముప్పై మంది, ఒక గది, ఒక ఆయా, పప్పు వండే గిన్నె. "పదకొండింటికి పప్పుడికేలోగా వాళ్ళని కూర్చోబెట్టాల. అరిస్తే కూర్చోరు. పాడితే కూర్చుంటారు" అని చెప్పింది ఒకసారి. పదిహేనేళ్ళుగా మూతబడి ఉన్న సంగీతం అలా మళ్ళీ తెరుచుకుంది.

ఆమెకు నేర్పిన పాటలు ఉన్నాయి. శిక్షణలో ఇచ్చిన అక్షరాల పాటలు, శుభ్రత పాటలు. వాటితో కొన్నాళ్ళు నడిపి, తర్వాత సొంతంగా కట్టడం మొదలుపెట్టింది. కట్టడంలో ఆమెకు కచ్చితమైన నియమాలున్నాయి. పాట అయిదు స్వరాలు దాటకూడదు. దాటితే చిన్నపిల్లలు పాడరు, అరుస్తారు. చరణం చివర ఊపిరి తీసుకునే చోటు ఉండాలి. కథ పాటలోనే నడవాలి, పాట ఆపి కథ చెబితే వెనక వరస లేచిపోతుంది. నాటక పద్యాల్లోంచి మోహన రాగం తీసుకుంది, సాగదీసే ఆలాపన వదిలేసింది. చెమ్మచెక్క ఆటలోని చప్పట్ల నడక తీసుకుంది. ఇది వాత్సల్యం కాదనడం లేదు. వాత్సల్యం ఉన్నవాళ్ళందరూ ఇది చేయలేరు అంటున్నాను. రజనిగారు పిల్లల కోసం బాణీ కడుతున్నప్పుడు ఏమేమి ఆలోచించి ఉంటారో, అలాంటివే ఈమె పప్పు ఉడికేలోగా ఆలోచించింది.

తేడా ఇంకోచోట ఉంది. ఆయన ఆకాశవాణిలో జీతం తీసుకున్న ఉద్యోగి. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీ స్త్రీలకు జీతం కాక గౌరవ వేతనం ఇస్తూ వచ్చింది. గౌరవం అనే మాట ఇక్కడ అక్కయ్య అనే మాటలాగే పనిచేస్తుంది. పిల్లల్ని చూడటం ఆడవాళ్ళు సేవగా చేసేది కాబట్టి దానికి కూలి కట్టక్కర్లేదు, గౌరవిస్తే చాలు. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం మధ్యలో ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అనడానికి చట్టం దొరికింది గానీ ఉద్యోగం అనడానికి మాట దొరకలేదు. అప్పటికే రిటైరైన పెద్దమ్మ ఒకరోజు శిబిరానికి వెళ్ళి కూర్చుంది. పాట పాడమన్నారట. "పిల్లల పాటలే వచ్చు" అంటే, "అవే పాడు టీచరమ్మా" అన్నారట. ఆమెను టీచరు అని పిలిచింది వాళ్ళే.

పిల్లల పాట కట్టే స్త్రీని రచయితగానే చూసిన సమాజాలు లేవా అంటే, అర్జెంటీనాలో మరియా ఎలేనా వాల్ష్ (1930-2011) ఉంది. కవిత్వంతో మొదలుపెట్టి, 1950లలో మరొక గాయనితో కలిసి పారిస్‌లో తమ దేశపు జానపద గీతాలు పాడుతూ తిరిగి, స్వదేశం వచ్చాక పిల్లల పాటల వైపు మళ్ళింది. ఆమె పాటల్లోని తాబేలు, తలకిందుల రాజ్యం అక్కడి తరాలకు తెలుసు. కట్టిన మనిషి పేరూ తెలుసు. 1979లో, సైనిక నియంతృత్వం నడుస్తుండగా, ఆమె సెన్సారుషిప్ మీద 'క్లారిన్' పత్రికలో ఒక వ్యాసం రాసింది. దేశాన్నంతా ఒక శిశుపాఠశాలగా మార్చి, పెద్దవాళ్ళను కూడా నోరు తెరవనివ్వని పిల్లలుగా చూస్తున్నారని అందులో ఆక్షేపించింది. పిల్లల కోసం రాసిన మనిషికే ఆ పోలిక తట్టడం కాకతాళీయం అనుకోను. పిల్లల్ని మనుషులుగా చూసి పాట కట్టినవారికి, మనుషుల్ని చిన్నపిల్లలుగా చూసే అధికారం తొందరగా కనిపిస్తుంది. పిల్లల సాహిత్యాన్ని పక్కన పెట్టినప్పుడు మనం ఈ చూపును కూడా పక్కన పెడుతున్నాం.

ఇక బొంగరం పాట. పల్నాటి కథ తెలిసినవారికి ఆ ఘట్టం తెలుసు. బాలచంద్రుడు బొంగరాలాడుతుండగా బొంగరం తగిలి ఒక స్త్రీ పాదం గాయపడుతుంది. తండ్రి యుద్ధభూమిలో ఉంటే నీ ప్రతాపం ఇక్కడా అని ఆమె నిష్ఠూరమాడుతుంది. ఆ మాటతో అతడు యుద్ధానికి బయల్దేరతాడు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యంలోనూ, విద్యావంతుల గాథలోనూ కథ అక్కడి నుంచి కారంపూడికి పరుగెత్తుతుంది. ఆ స్త్రీ మాట అవసరం. ఆమె పాదంతో ఎవరికీ పనిలేదు. పల్నాడులో పిల్లలు ఈ కథ వింటూ పెరుగుతారు. మగపిల్లలకు బాలచంద్రుడి పేరు పెట్టుకుంటారు.

పెద్దమ్మ పాటలో బొంగరం తిరుగుతుంది, గిరగిరా తిరుగుతుంది, తగులుతుంది. నెత్తురొస్తుంది. అక్కడ పాట ఆగుతుంది. తర్వాత నీళ్ళు తెస్తారు, కాలు కడుగుతారు, పసుపు అద్దుతారు, గుడ్డ కడతారు. బాలుడు ఆమె పక్కన కూర్చుంటాడు. బొంగరం తాడు చుట్టి జేబులో పెట్టుకుంటాడు. అంతే. యుద్ధం రాదు.

దీన్నే నేను అసంపూర్ణం అన్నాను. యుద్ధం లేని పల్నాటి కథ అసంపూర్ణమని నాకు ఎవరు చెప్పారు? స్త్రీల రామాయణపు పాటల గురించి నేనే ఒక అధ్యాయం రాశాను. ఊర్మిళ నిద్ర, లక్ష్మణుడి నవ్వు, పురిటింటి ముచ్చట్లు. యుద్ధకాండను వదిలేసి ఇంటి లోపలి కథను చెప్పడం ఆ పాటల ప్రత్యేక దృష్టి అని వెల్చేరు నారాయణరావు గారి వ్యాసాన్ని ఆధారం చేసుకుని వాదించాను. అదే చూపు మా ఇంటి మనిషి పాటలో, నాలుగేళ్ళ పిల్లల నోట వినిపిస్తే ముక్క అనుకున్నాను. అగ్రహారాల ముత్తైదువులు పాడితే అది ప్రత్యామ్నాయ కథనం. అంగన్‌వాడీలో పాడితే తెగిపోయిన పాఠం. నా విమర్శ పరికరాలు పాతబడిన పాటల మీద బాగా పనిచేశాయి. బతికి ఉన్న మనిషి కట్టిన పాట మీద పనిచేయలేదు.

ఇలా అంటే పిల్లల పాటలన్నీ గొప్పవని కాదు. పెద్దమ్మ కట్టినవాటిలో కూడా మామూలువి ఉన్నాయి. ఆడపిల్ల ఇల్లు ఊడ్చి, మగపిల్లవాడు బడికి పోయే పాట ఒకటి ఆమె కూడా చాలాకాలం పాడించింది. విమర్శ అంటే ఆ తేడాలు చెప్పగలగడం. ఏ పాటలో ఊహ ఉంది, ఏ పాటలో ఉపదేశం మాత్రమే ఉంది, బాణీ మాటను మోస్తోందా, మాటే బాణీని లాక్కుపోతోందా, ఇవి అడగాలి. వాత్సల్యం అని కొట్టిపారేసినా, వాత్సల్యం అని మెచ్చుకున్నా ఈ ప్రశ్నలు అడగం. రెండూ ఆమెను రచయితగా గుర్తించకపోవడమే.

మొన్న సంక్రాంతికి క్రోసూరు వెళ్ళినప్పుడు సిద్ధాంత గ్రంథం పట్టుకెళ్ళాను. పద్నాలుగో పాట పేజీ తీసి, ఇక్కడ నీ పేరు రాయలేదు పెద్దమ్మా, తప్పు చేశాను, ఇప్పుడు ఒక వ్యాసం రాస్తున్నాను, అందులో పేరు వేస్తానని చెప్పాను. ఆమె అద్దాలు పెట్టుకుని పాట మొత్తం చదివింది. రెండోసారి పెదవులు కదుపుతూ చదివింది. మెచ్చుకుంటుందని నేను చూస్తున్నాను.

"ఇదేందమ్మాయ్, సగమే రాశావు?" అంది.

యుద్ధం సంగతా అని అడిగాను, కొంచెం భయపడుతూ.

"యుద్ధం కాదు. పిల్లలేరీ?"

అప్పుడు చెప్పింది. నెత్తురొచ్చిన చోట పాట ఆగేది ఊరికే కాదు. అక్కడ ఆమె అడుగుతుంది, ఇప్పుడేం చేద్దాం అని. పిల్లలు చెప్పాలి. ఒకడు నీళ్ళంటాడు, ఒకతె అమ్మను పిలుద్దాం అంటుంది, ఇంకొకడు బొంగరం పారేద్దాం అంటాడు. ఏది చెబితే అది తర్వాతి చరణం అవుతుంది, అదే బాణీలో. రోజూ ఒకలా ఉండదు. నేను రికార్డు చేసిన రోజు గదిలో పిల్లలు లేరు. నా కోసం ఆమె ఒక్కతే పాడింది, పిల్లల వంతు కూడా తానే పాడేసింది. నేను దాన్ని ఒకే గొంతుగా, ఒకే పాఠంగా రాసుకున్నాను. పాట అసంపూర్ణమే. అసంపూర్ణం చేసింది నా సేకరణ.

సరే, ఇప్పుడు సరిచేస్తాను, పేరు మాత్రం వేయనీ అన్నాను.

"ముందు పాట సరిగ్గా రాసుకో. పిల్లలున్నప్పుడు రా, సెంటర్లో ఇప్పుడున్నామెని అడుగుదాం. సరిగ్గా రాసింది నాకు చూపించు. అప్పుడు నా పేరెయ్యి. తప్పులున్నదాని కింద నా పేరెందుకు?"

ఏ కవి అయినా తన ప్రూఫుల గురించి ఇంతకంటే ఏం చెబుతాడు? అందుకే ఈ వ్యాసంలోనూ ఆమె పేరు లేదు. ఈసారి అది నా అలక్ష్యం కాదు, ఆమె నిర్ణయం. వచ్చే నెల రికార్డరుతో మళ్ళీ వెళుతున్నాను. పదకొండు గంటల లోపే రమ్మంది, పప్పు ఉడికేలోగా.